పాత మోటర్‌హోమ్‌లో ఇంజన్ బెల్టు మాటిమాటికీ తెగుతుంటే

పాత మోటర్‌హోమ్‌లో (లోపలే నివసించేలా కట్టిన బండి) ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీలను ఛార్జ్ చేసే జనరేటర్) బెల్టు రెండు మూడు నెలలకే తెగిపోతోందని, మెకానిక్ ప్రతిసారీ కొత్తది వేసి పంపేస్తున్నాడని రాశారు. నేనూ రెండేళ్లు ఇదే బాధ పడ్డాను. నాలుగు బెల్టులు పోయాక గానీ అసలు కారణం దొరకలేదు.

తెగిన బెల్టును దయచేసి పారేయకండి. ఏం జరిగిందో చెప్పేది అదే. ఒక అంచు మాత్రమే పీచులు పీచులుగా లేచిందంటే పుల్లీలు (బెల్టు తిరిగే గాడి చక్రాలు) ఒకే వరసలో లేవు. రెండు పక్కలూ నున్నగా మెరుస్తుంటే బెల్టు జారుతోంది: టెన్షన్ (బిగువు) తక్కువైనా అయ్యుండాలి, లోడు ఎక్కువైనా అయ్యుండాలి. రబ్బరు ఉబ్బి మెత్తబడితే దాని మీద ఆయిలో కూలెంటో పడుతోంది. ఆ లీకు ఆపకుండా ఎన్ని బెల్టులు వేసినా దండగే.

నావి నాలుగూ ఒకే పక్క అరిగాయి. కానీ ఇంజన్ ఆపి పుల్లీలకు స్టీలు స్కేలు ఆనించి చూస్తే అన్నీ సరిగ్గానే ఉండేవి. ఇక్కడే చాలాకాలం పొరబడ్డాను. చివరికి ఒకరోజు క్యాబిన్ (లోపల నివసించే భాగం) బ్యాటరీలు బాగా దిగిపోయి ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి, బెల్టుకు ఎదురుగా లేకుండా దూరంగా నిలబడి, టార్చి వేసి చూశాను. ఆల్టర్నేటర్ కొద్దిగా పక్కకు వాలుతోంది! బ్యాటరీలు నిండేకొద్దీ మళ్లీ నిటారుగా వచ్చేసింది. విప్పి చూస్తే బ్రాకెట్‌లో బోల్టు పట్టే రంధ్రం అరిగిపోయి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. లోడు పడ్డప్పుడే వంగేది, అందుకే ఆగి ఉన్న ఇంజన్ మీద ఎన్నిసార్లు కొలిచినా తెలియలేదు.

క్యాబిన్‌కు అదనపు బ్యాటరీ పెట్టించింది నేనే. ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు ఇస్తే అది 1,400 వాట్లు. లోపలి నష్టాలు కూడా కలిపితే బెల్టు లాగాల్సింది సుమారు 3 హార్స్‌పవర్. ఒక్క సన్నటి వీ-బెల్టుకు (అడ్డంగా కోస్తే V ఆకారంలో కనిపించే బెల్టు), అదీ గంటల తరబడి, చాలా ఎక్కువ. మీరూ బ్యాటరీలు పెంచి ఉంటే ముందు అటే చూడండి. రంధ్రానికి బుష్ (లోహపు తొడుగు) వేయించి, బోల్టు మార్చి, ఛార్జింగ్ కరెంటు తగ్గించాక నా బెల్టు మళ్లీ తెగలేదు.

బ్రాకెట్ బాగుంటే, ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, బెల్టు విప్పి ప్రతి పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమన్నా, ఊగినా బేరింగ్ పోయినట్టే. గాడులు కూడా చూడండి. వీ-బెల్టు గాడి పక్కలను పట్టుకోవాలి, అడుగున ఆనకూడదు. అడుగు మెరుస్తుంటే పుల్లీ అరిగిపోయింది, మార్చాల్సిందే. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే గాడుల్లో పట్టే తుప్పు బెల్టును గరుకు కాగితంలా కోరేస్తుంది.

కొత్త వీ-బెల్టు వేసిన అరగంటకు ఇంజన్ ఆపి టెన్షన్ మళ్లీ చూడాలి, మొదట్లో అది కాస్త సాగుతుంది. అలాగని మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. జంట బెల్టులైతే రెండూ ఒకేసారి మార్చండి. అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంటే, తెగిన వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి, లేకపోతే వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోతుంది.

పాత బెల్టు ఇంకా మీ దగ్గరే ఉంటే, ఏ అంచు అరిగిందో, క్యాబిన్‌లో ఎన్ని బ్యాటరీలున్నాయో రాయండి. ఆ రెండూ తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలను.