ఇంట్లో ఫోర్‌ట్రాక్ క్యాసెట్‌పై చేసిన పాటలను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

మీ బాబాయిగారి క్యాసెట్‌ని మామూలు టేప్ రికార్డర్‌లో వేస్తే తబలా, హార్మోనియం మాత్రమే, అదీ బాగా నెమ్మదిగా వినిపిస్తున్నాయనీ, రెండో సైడు తిప్పితే గొంతు వెనక నుంచి ముందుకు వస్తోందనీ రాశారు. కంగారు పడకండి, క్యాసెట్‌కి ఏమీ కాలేదు. ఫోర్‌ట్రాక్ టేపు మామూలు డెక్‌లో వేస్తే వినిపించే తీరే అది.

మామూలు స్టీరియో క్యాసెట్‌లో టేపు వెడల్పు మీద నాలుగు ట్రాకులుంటాయి. ఏ సైడుకి రెండు, బీ సైడుకి రెండు, ఒకదానికొకటి ఎదురు దిశలో. 1979లో టీయాక్ వాళ్ళు పోర్టాస్టూడియో 144 అనే మెషీన్ తెచ్చి, ఆ నాలుగింటినీ ఒకే దిశలో, విడివిడిగా వాడుకునే వీలు కల్పించారు. పైగా శబ్దం బాగుండాలని టేపుని రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 4.76 సెంటీమీటర్లకు బదులు 9.5 సెంటీమీటర్లతో నడిపారు. అందుకే ఆ వేగంలో, రెండు సైడులూ కలిపి గంట వచ్చే సీ-60 క్యాసెట్‌లో పట్టేది పదిహేను నిమిషాలే. ఆ తర్వాత వచ్చిన ఫోర్‌ట్రాక్ మెషీన్లన్నీ రెట్టింపు వేగంవి కావు. ఫోస్టెక్స్ ఎక్స్-15 లాంటివి మామూలు వేగంతోనే నడుస్తాయి. మీ క్యాసెట్ నెమ్మదిగా వినిపిస్తోందంటే మాత్రం అది రెట్టింపు వేగంలో చేసిన రికార్డింగే.

నేను ఈ పని చేసింది మా మేనమామ క్యాసెట్లకి. మస్కట్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఆయన టాస్కామ్ 424 (టీయాక్ వాళ్ళ ఫోర్‌ట్రాక్ మెషీనే) కొనుక్కుని రాజమండ్రి తెచ్చుకున్నారు. ఒకటో ట్రాక్‌లో తబలా, రెండులో హార్మోనియం, మూడులో తన గొంతు, నాలుగులో అత్తయ్య గొంతో, మాండలినో ఉండేవి. ఆ అనుభవంతో చెప్తున్నాను, సాఫ్ట్‌వేర్ గురించి తర్వాత ఆలోచించవచ్చు. మంచిచెడ్డలు తేలేది మెషీన్ దగ్గరే. టేపు మీద నుంచి సరిగ్గా రాని శబ్దాన్ని ఆడాసిటీ లాంటి సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాం కాదు, ఎవరూ తేలేరు.

బాబాయిగారి మెషీన్ అటక మీద ఉందన్నారు కదా. దించగానే క్యాసెట్ పెట్టి ప్లే నొక్కకండి. ఏళ్ళ తరబడి ఊరికే ఉన్న మెషీన్లలో లోపలి రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి, కొన్నిట్లో కరిగి నల్లటి జిగురులా అయిపోతాయి. ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి, ముందుకీ వెనక్కీ తిప్పి, ప్లే చేసి చూడండి. టేపు బయటికి లాగకుండా ఉంటేనే అసలు క్యాసెట్ జోలికి వెళ్ళండి. బెల్టులు పోతే పాత టేప్ రికార్డర్లు బాగుచేసే మెకానిక్ ఇంకా మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి. కొలత చూసి తగిన బెల్టు వేయడం వాళ్ళకి చిన్న పనే.

తర్వాత హెడ్డు, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగం, తుడవడం. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చెవుల్లో పెట్టుకునే కాటన్ బడ్‌ని అందులో ముంచి, హెడ్డు ముఖం మీద మెల్లగా రుద్దితే దూది గోధుమరంగులోకి తిరుగుతుంది. అది పాత టేపుల నుంచి రాలిన పొడి. దూది తెల్లగా వచ్చేదాకా బడ్స్ మారుస్తూ తుడవండి. పక్కనే సన్నటి ఇనప కడ్డీ, దానికి ఆనుకుని తిరిగే నల్లటి రబ్బరు చక్రం ఉంటాయి. వాటినీ తుడవాలి. టేపు వేగం నిలకడ అంతా వాటి చలవే. పూర్తిగా ఆరాకే క్యాసెట్ పెట్టండి. నేను ప్రతి క్యాసెట్‌కీ మధ్య ఒకసారి తుడిచేవాణ్ణి.

క్యాసెట్ల విషయానికొస్తే, ముందుగా వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు రెండూ విరగ్గొట్టేయండి. పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోవు. కోస్తాలో ఉక్కపోతకి టేపు చుట్టల మీద తెల్లగా బూజు పడుతుంది. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూస్తేనే కనిపిస్తుంది. అలాంటిది నేరుగా ప్లే చేస్తే బూజంతా హెడ్డుకి అంటుతుంది, తర్వాత పెట్టే క్యాసెట్‌కీ పాకుతుంది. వాటిని పక్కన పెట్టి చివర్లో చూసుకోండి. టేపుని హెడ్డుకి ఒత్తిపెట్టే చిన్న స్పాంజి ఊడిపోయిన క్యాసెట్లూ తగుల్తాయి. మరలు ఉన్న మంచి డబ్బా ఒకటి విప్పి, టేపు చుట్టలు రెండూ అందులోకి మారిస్తే చాలు. మరల్లేకుండా అతికించేసిన డబ్బా అయితే అంచు వెంట బ్లేడుతో జాగ్రత్తగా తెరవాలి.

ఇక వైర్లు. మెషీన్ వెనకో పైనో టేప్ ఔట్ అని నాలుగు ఆర్‌సీఏ సాకెట్లు (పాత టీవీ, డీవీడీ ప్లేయర్లకి ఉండే గుండ్రటివి) ఉన్నాయేమో చూడండి. మామయ్య 424కి ఉన్నాయి. ఉంటే మీ పంట పండినట్టే. నాలుగు ట్రాకులూ విడివిడిగా, ఫేడర్లతో (శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీటలతో) సంబంధం లేకుండా బయటికి వస్తాయి. వాటిని నాలుగు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే డబ్బాకి, కలపాలి. ఇటువైపు ఆర్‌సీఏ, అటువైపు పెద్ద జాక్ ఉండే వైర్లు కావాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో పీ-38 టు ఆర్‌సీఏ అంటే తీసిస్తారు. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌పుట్‌ని లైన్‌కి పెట్టండి, మైక్‌కో గిటార్‌కో కాదు. కొన్ని మైకుల కోసం ఇంటర్‌ఫేస్ పంపే ఫాంటమ్ పవర్ అనే కరెంటు ఆపేయండి. ల్యాప్‌టాప్ పక్కన ఉండే మైక్ రంధ్రంలో గుచ్చి కానివ్వొచ్చా అని అడిగారు. వద్దు. అది మోనో, పైగా మైక్ స్థాయికి చేసింది కాబట్టి శబ్దం చీలిపోతుంది.

"డబ్బు ఖర్చు కాకుండా" అన్నారు కాబట్టి ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. సాఫ్ట్‌వేర్‌కి పైసా అక్కర్లేదు, కానీ నాలుగు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ మాత్రం ఎలాగోలా సంపాదించండి. కొనక్కర్లేదు. బ్యాండ్ ఉన్న కుర్రాళ్ళనో, చిన్న స్టూడియో నడిపేవాళ్ళనో అడిగి శని, ఆదివారాలకి తెచ్చుకోండి. నాలుగు ట్రాకులూ ఒకే దెబ్బకి ఎక్కితే తర్వాత పడే శ్రమ అంతా తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఆడాసిటీ చాలామందికి తెలిసిందే. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకుని రికార్డింగ్ ఛానెల్స్ 4 అని పెడితే నాలుగు మోనో ట్రాకులుగా రాసుకుంటుంది. విండోస్‌లోనే పేచీ. అక్కడ ఇలాంటి ఇంటర్‌ఫేస్‌లు నాలుగు ఇన్‌పుట్లనీ ఒకేసారి అందించేది ఆసియో (ASIO) డ్రైవర్ అనే, ఇంటర్‌ఫేస్‌నీ ప్రోగ్రాంనీ కలిపే సాఫ్ట్‌వేర్ ద్వారా. లైసెన్సు చిక్కుల వల్ల ఆడాసిటీ వాళ్ళు చాలా ఏళ్ళు ఆసియో లేకుండానే ప్రోగ్రాం ఇచ్చారు. దాంతో ఇన్‌పుట్లు 1-2, 3-4 అని జంటలుగా కనిపిస్తాయి, ఒక జంటే ఎంచుకోగలం. మీ దగ్గర అలా కనిపిస్తే ఆడాసిటీతో కుస్తీ పట్టకండి. ట్రాక్షన్ వాళ్ళ వేవ్‌ఫార్మ్ ఫ్రీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం ఉంది, ట్రాకులకి పరిమితి లేదు, ఆసియోతో పనిచేస్తుంది. లేదా ఉబుంటు స్టూడియో అనే ఉచిత లినక్స్‌ని పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించుకుని దాంతోనే బూట్ చేయండి. ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ ప్రోగ్రాం, ఆడాసిటీ రెండూ అందులో ఉంటాయి. ఆర్డర్ సైట్‌లో సిద్ధంగా ఉన్న ప్రోగ్రాంకి డబ్బడుగుతారు, లినక్స్ భాండాగారాల్లోంచి మాత్రం ఉచితమే. రికార్డు చేయడానికి ఏది వాడినా పర్లేదు, ఫైళ్ళు మామూలు వేవ్ రూపంలో దాచుకుంటే మిగతా కోతలు, అతుకులు ఆడాసిటీలో చేసుకోవచ్చు.

రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ అని పెడితే చాలు. నాలుగు ట్రాకులకి నిమిషానికి సుమారు 32 ఎంబీ అవుతుంది, రెట్టింపు వేగంలో చేసిన సీ-60 మొత్తం అర జీబీ లోపే. పాటలో అన్నింటికన్నా గట్టిగా ఉన్న చోటు వెతికి, మీటరు అక్కడ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా పెట్టండి. ఆ తర్వాత క్యాసెట్ అయ్యేదాకా నాబ్‌ల మీద చెయ్యి వేయొద్దు. గుయ్యిమనే కరెంటు శబ్దం వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

డీబీఎక్స్ స్విచ్ సంగతి చెప్పకపోతే ఇదంతా దండగ. చాలా టాస్కామ్ మెషీన్లలో హోరు తగ్గించడానికి డీబీఎక్స్ అనే పద్ధతి వాడేవారు. రికార్డు చేసేటప్పుడు శబ్దంలోని హెచ్చుతగ్గులని సగానికి నొక్కి, వినిపించేటప్పుడు మళ్ళీ అంతకు అంత విప్పుతుంది. అది ఆన్‌లో ఉండగా చేసిన టేపుని ఆఫ్ చేసి వింటే గొంతు గీరుగా, మెరుపెక్కువగా ఉంటుంది, మాటల మధ్యలో హోరు పైకి లేస్తుంది. ఆఫ్‌లో చేసిన టేపుని ఆన్ చేసి వింటే మాటల చివర్లు మింగేసినట్టుంటాయి. క్యాసెట్ అట్ట మీద రాసి లేకపోతే రెండు రకాలుగానూ విని తేల్చుకోండి, ఒక క్యాసెట్‌కి సరిపోయింది ఇంకోదానికి సరిపోవాలని లేదు. 424లో మధ్యలో సింక్ అని ఇంకో స్థానం ఉంటుంది, అది నాలుగో ట్రాక్‌కి మాత్రం డీబీఎక్స్ తీసేస్తుంది. డ్రమ్ మెషీన్‌తో కలిపి వాయించేవాళ్ళు ఆ ట్రాక్‌లో టైమింగ్ సిగ్నల్ రాసుకోవడానికి పెట్టింది. నాలుగో ట్రాక్‌లో మోడెమ్ కూతలా గరగర వినిపిస్తే అదే, పాట పాడైందనుకోకండి. పిచ్ నాబ్ మాత్రం మధ్యలోనే ఉంచండి. శ్రుతి తేడా ఉంటే తర్వాత కంప్యూటర్‌లో నాలుగు ట్రాకులకీ కలిపి ఒకేసారి మార్చుకోవచ్చు.

రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేసే దొరికితే? అందరూ 1-2 ఒకసారి, 3-4 ఒకసారి ఎక్కించమంటారు. నేనలా చెప్పను. టేపు ఏ రెండుసార్లూ ఒకే వేగంతో తిరగదు. తబలాకీ గొంతుకీ మధ్య ఉమ్మడి ఆనవాలు లేకపోతే ఎక్కడ కలపాలో తెలియదు. ముందు 1-2, తర్వాత 1-3, ఆ తర్వాత 1-4 ఎక్కించండి. తబలా ట్రాక్ మూడింటిలోనూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని మిగతావి సర్దవచ్చు. ఉదాహరణకి మొదటిసారి ఎక్కించినదాంట్లో తొలి దెబ్బ నుంచి ఆఖరి దెబ్బకి 222.350 సెకన్లుండి, రెండోసారి 222.610 వచ్చిందనుకోండి. రెండోసారి ఎక్కించిన జంటని సరిగ్గా ఆ రెండు దెబ్బల మధ్య కత్తిరించుకుని, ఆడాసిటీలో వేగం మార్చే ఎఫెక్ట్ తెరిచి, కొత్త నిడివి దగ్గర మొదటి అంకె ఇస్తే సరి. 0.117 శాతం వేగం పెంచినట్టు. అయినా పాట మధ్యలో కాస్త అటూ ఇటూ జరుగుతుంది. అప్పుడు పల్లవి, చరణాలుగా ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ సర్దాలి. సర్దడం అయ్యాక అదనపు తబలా ట్రాకులు తీసేయండి.

టేప్ ఔట్ లేని చిన్న మెషీన్‌లో కూడా ఇదే దారి. ఒకటో ట్రాక్ పాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో పంపే నాబ్) పూర్తిగా ఎడమకి, రెండోది పూర్తిగా కుడికి, టోన్ నాబ్‌లు మధ్యలో, మిగతా ఫేడర్లు కిందికి దించి లైన్ ఔట్ నుంచి తీసుకోవాలి.

మెషీన్ ఎంతకీ నడవదు, ఇంకోటి దొరకదు అనుకుందాం. అప్పుడు మీ దగ్గరున్న మామూలు డెక్‌తోనే ఏ సైడు ఎక్కించి వేగం రెండు రెట్లు చేయండి. బీ సైడు ఎక్కించి రివర్స్ ఎఫెక్ట్ వేసి, దాన్నీ రెట్టింపు చేయండి. నాలుగు ట్రాకులూ వస్తాయి. కానీ డీబీఎక్స్ విప్పేది ఉండదు, డెక్‌లోని ఈక్వలైజేషన్ (సన్నటి, బొంగురు శబ్దాల పాళ్ళు దిద్దే ఏర్పాటు) ఆ వేగానికి కుదరదు, రెండు సైడులకీ ఉమ్మడి ట్రాక్ ఉండదు కాబట్టి సర్దుబాటంతా చెవితోనే. పాట ఏమిటో తెలుసుకోవడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు.

ఒక ట్రాక్‌లో తబలా, హార్మోనియం, కోరస్ మూడూ కలిసిపోయి ఉంటే అది మీ తప్పు కాదు. ట్రాకులు చాలక మూడింటిని నాలుగోదాంట్లోకి కలిపి, ఆ మూడూ ఖాళీ చేసుకుని మళ్ళీ వాడుకునేవాళ్ళు. టేపు మీద వాటిని విడదీయడం కుదరదు. డెమక్స్ అనే ఉచిత ప్రోగ్రాం గొంతుని వాయిద్యాల నుంచి కొంతవరకు వేరు చేస్తుంది, ఆడాసిటీకి ఇంటెల్ ఇచ్చే ఓపెన్‌వినో ప్లగిన్‌లోనూ ఆ పని ఉంది. గొంతు వరకు ఫరవాలేదు. తబలానీ హార్మోనియాన్నీ విడదీయమంటే మాత్రం తడబడతాయి.

హోరు తీయడం, టోన్ దిద్దడం ఏదైనా సరే కాపీ మీదే చేయండి. ఎక్కించినవి ఎక్కించినట్టు ఇంకో హార్డ్‌డిస్క్‌లో ఉండాలి. ఫైలు పేరులోనే క్యాసెట్ నంబరు, ట్రాక్ నంబరు, డీబీఎక్స్ ఆన్‌లో తీశారో ఆఫ్‌లో తీశారో రాసుకోండి. మెషీన్ దించాక మోడల్ నంబరు, టేప్ ఔట్ ఉందో లేదో చెప్తే, ఏ వైర్లు కొనాలో చెప్తాను.