ఛానళ్ల కేటాయింపు ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అమ్మాయి భీమవరంలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. ప్రయాణంలో ఉన్నవారి ఫోన్లకు రేడియో ఛానళ్లు ఎలా కేటాయించాలన్న అంశంపై ప్రాజెక్టు చేస్తానంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చేయమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: మానిపించకండమ్మా. సంభావ్యత గణితం వచ్చి, ప్రోగ్రాం రాయగలిగితేనే ఈ ప్రాజెక్టు నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చూసేదీ ఆ రెండే.

కొవ్వూరు నుంచి రాజమండ్రికి వంతెన మీద రైలు వెళ్తుంటే, అందులో మాట్లాడుతున్న వారందరి కాల్స్ ఇంచుమించు ఒకేసారి ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మారాలి. అక్కడ ఛానళ్లు నిండిపోతే మాట మధ్యలో తెగిపోతుంది. కొత్త కాల్ కలవకపోతే మళ్లీ ప్రయత్నిస్తాం కానీ, మాట్లాడుతుండగా తెగితే ఓర్చుకోలేం. అందుకే కొన్ని ఛానళ్లను అలా వచ్చేవారి కోసం అట్టిపెడతారు. మరీ ఎక్కువ అట్టిపెడితే కొత్తగా ఫోన్ చేసేవారికి దొరకవు. ఎన్ని పెట్టాలన్నదే అసలు లెక్క.

డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం ప్రకారం, 14 ఛానళ్లున్న సెల్‌లో (ఒక టవర్ పరిధిలో) నూటికి రెండు కాల్స్‌కు మించి వెనక్కి పోకూడదంటే రద్దీ సుమారు 8.2 ఎర్లాంగులు దాటకూడదు. ఒక ఛానల్ గంటంతా ఖాళీ లేకుండా మాటలతో నిండితే ఆ రద్దీ ఒక ఎర్లాంగ్. అమ్మాయి పైథాన్‌లో రాసే ప్రోగ్రాం ముందుగా ఈ అంకె చూపాలి. ఆ తర్వాత రెండు ఛానళ్లు అట్టిపెట్టి, తెగే కాల్స్ ఎంత తగ్గాయో, కలవని కాల్స్ ఎంత పెరిగాయో గ్రాఫు గీయమనండి. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫును సొంతంగా వివరించగలిగితే చాలు. డబ్బిచ్చి కొన్న రెడీమేడ్ ప్రాజెక్టుతో అది కుదరదు. దయచేసి ఆ దారి పట్టనివ్వకండి.

ఒక్క మాట. కాల్‌కు ఒక ఛానల్ చొప్పున ఇచ్చే ఈ పద్ధతి 2జీది. 4జీలో ఫ్రీక్వెన్సీని 180 కిలోహెర్ట్జ్ ముక్కలు చేసి, వాటిని మిల్లీసెకనుకోసారి ఫోన్లకు పంచుతారు. చివరి అధ్యాయం దాని మీద ఉంటే ప్రాజెక్టు పాతబడదు.

బీటెక్‌తో ఆగితే ఈ రంగంలో తరచూ దొరికేవి టవర్ల నిర్వహణ, సిగ్నల్ కొలిచే పనులు. డిజైన్, పరిశోధన వైపు వెళ్లాలంటే కమ్యూనికేషన్స్‌లో ఎంటెక్ మేలు. ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఐటీ వరంగల్ మనకు దగ్గరే. ఫోన్‌ను నెట్‌వర్క్‌తో కలిపే మోడెం చిప్‌ల కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ లాంటివి అడిగేది ఈ చదువే. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షను మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈసారి దరఖాస్తు గడువు దాటనివ్వకండి.