అంబాసిడర్ వేడెక్కుతోందా? కొత్త ఫ్యాన్ కొనే ముందు ఇవి చూడు అల్లుడూ

అల్లుడూ,

తాతయ్య మార్క్ 4 అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించావని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోందని, అందుకని అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ రెండూ ఆర్డర్ పెట్టేస్తున్నానని రాశావు. ఆ ఆర్డర్ ఇంకొన్నాళ్లు ఆపు. ఆ 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ ఇంగ్లండు వాళ్ల డిజైనే అయినా మన ఎండల్లో ఏళ్ల తరబడి టాక్సీలు లాగింది, రోహిణి కార్తెలో కూడా. అప్పుడు చల్లగా నడిచిన బండి ఇప్పుడు వేడెక్కుతోందంటే లోపల ఏదో పాడైనట్టే, అది కనుక్కోకుండా పెద్ద రేడియేటర్ పెడితే జబ్బు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది.

ముందు ఎప్పుడు వేడెక్కుతోందో చూడు. ట్రాఫిక్‌లో ముల్లు లేచి, బండి కదలగానే దిగిపోతుంటే గాలి చాలడం లేదు. హైదరాబాద్ హైవే మీద 80లో పోతుంటే లేస్తోందంటే నీళ్లు సరిగ్గా తిరగడం లేదు, లేదా కోర్, అంటే రేడియేటర్ లోపలి సన్నటి ట్యూబుల వరస, పూడుకుపోయింది. నువ్వు రాసినదాన్ని బట్టి మొదటిదే ఎక్కువ అనిపిస్తోంది, అయినా రెండూ చూడాల్సిందే.

అన్నిటికంటే ముందు హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య బిగించే పలచటి సీలు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ తీసి స్టార్ట్ చేసి నీళ్లలోకి చూడు. బుడగలు ఆగకుండా వస్తుంటేనో, ఆయిల్ డిప్‌స్టిక్ మీద మీగడలాంటి తెల్లటి నురగ కనిపిస్తేనో ఇంకేమీ చేయకు, హెడ్ విప్పించు. వేడి మీద మాత్రం క్యాప్ ముట్టుకోవద్దు, కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు అసలే పోయొద్దు, ఇనప బ్లాక్ పగిలితే ఇక చేసేదేమీ లేదు.

గ్యాస్కెట్ బాగుంటే అసలు పనికి దిగు. ఈ బళ్లలో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశారు. ఆ సున్నం, తుప్పు అంతా బ్లాక్ అడుగున, వెనక నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుపోయి ఉంటుంది. బ్లాక్ పక్కన వెనక వైపు చిన్న డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది, అది తిప్పితే చాలాసార్లు ఒక్క చుక్క కూడా రాదు. నీళ్లు లేక కాదు, బురద అడ్డం పడి. ఆ ట్యాప్ మొత్తం ఊడదీసి రంధ్రంలోకి గట్టి తీగ పెట్టి పొడువు, ముందు ఎర్రటి ముద్ద జారుతుంది, తర్వాత ఇటుక రంగు నీళ్లు. తేటగా వచ్చేదాకా పైపు పెట్టి కడుగుతూనే ఉండు, ఓపిక పట్టాలి, సగం రోజు పట్టినా పట్టొచ్చు. చాలామంది మెకానిక్‌లు రేడియేటర్ ఒక్కటే కడిగి పంపేస్తారు, ఆ నాలుగో సిలిండర్ దగ్గరి బురద రెండు వారాల్లో మళ్లీ రేడియేటర్‌లోకే వస్తుంది.

రేడియేటర్‌ని పాత పద్ధతిలో పనిచేసే షాపుకి తీసుకెళ్లు. పై ట్యాంకు విప్పి ట్యూబుల్లో సన్నటి కడ్డీలు దూర్చి శుభ్రం చేస్తారు. ట్యూబులు మరీ పాడైతే అదే రాగి కోర్‌ని ఇంకో వరస ఎక్కువ పెట్టి కొత్తది వేయించు, పై ట్యాంకు, కింది ట్యాంకు తాతయ్య నాటివే ఉంటాయి. నా మాట వింటే అల్యూమినియం కంటే ఇదే మేలు, ఏ ఊళ్లో లీకైనా టాంకా వేసేవాడు దొరుకుతాడు.

ఇంజిన్ కాగేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి వదలకుండా ఆపే వాల్వు థర్మోస్టాట్, దాన్ని తీసి పారేయమని ఎవరైనా చెప్తే వినకు. మన దగ్గర ఇదో అలవాటైపోయింది. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, పెట్రోలు సరిగ్గా మండదు, సిలిండర్లు అరుగుతాయి. గిన్నెలో నీళ్లు పోసి థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి, వంటింటి థర్మామీటర్ ఒకటి పెట్టి పొయ్యి వెలిగించు. 82 అని ముద్ర ఉంటే ఆ చుట్టుపక్కల వాల్వు కదలడం కనిపించాలి, నీళ్లు మరిగే లోపు బాగా తెరుచుకోవాలి. కదలకపోతే కొత్తది వెయ్యి, స్ప్రింగు ఉన్న వైపు ఇంజిన్‌లోకి ఉండాలి.

కింది హోస్, అంటే రేడియేటర్ అడుగు నుంచి పంపుకి వెళ్లే రబ్బరు గొట్టం, అది కూడా చూడు. ఇంజిన్ రేస్ చేయించి చూస్తే మెత్తబడిన హోస్ లోపలికి నొక్కుకుపోతుంది, పంపు నీళ్లు లాగుతుంటే దారి మూసుకుపోతుందన్నమాట. హోసులు, క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు అన్నీ ఒకేసారి మార్చెయ్, పెద్ద ఖర్చు కాదు. పంపు కింద చిన్న రంధ్రం నుంచి నీళ్లు కారుతున్నా, ఫ్యాన్ పట్టుకుని ఊపితే ఆడుతున్నా పంపు అయిపోయినట్టే. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, అది కూడా చూపించు, ఆలస్యంగా పడుతుంటే ఇంజిన్ ఊరికే కాగుతుంది. ఇప్పుడు వస్తున్న ఈ20 పెట్రోలుతో (20 శాతం ఇథనాల్ కలిపినది) కార్బురేటర్ మిక్స్చర్ పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది, దానివల్ల కూడా వేడి పెరుగుతుంది, కాబట్టి ట్యూనింగ్ చేసేవాడికి ఆ మాట ముందే చెప్పు.

నీళ్ల సంగతి. ఒక వంతు కూలెంట్‌కి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ చాలు. సగం సగం కలిపేది గడ్డకట్టే చలి ఉన్నచోట, విజయవాడలో మనకి అంత అక్కర్లేదు, పైగా వేడిని మోసుకుపోవడంలో వట్టి నీళ్లే మెరుగు, కూలెంట్ తుప్పు పట్టకుండా కాపాడుతుంది. పాత టాంకాలున్న రేడియేటర్‌కి పాత రకం ఆకుపచ్చ కూలెంటే పొయ్యి.

రేడియేటర్ క్యాప్ మీద 4 అనో 7 అనో ఉంటుంది, అది క్యాప్ ఆపే ఒత్తిడి, పీఎస్ఐలలో, ఆ నంబరే వాడు. 7 పీఎస్ఐ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 111 డిగ్రీల దాకా మరగవు. ఎక్కువ మంచిదని 15 పెట్టావంటే పాత అతుకులు విచ్చుకుంటాయి.

ఇదంతా అయ్యాక కూడా ట్రాఫిక్‌లో వేడెక్కితే అప్పుడు అప్‌గ్రేడ్‌కి రా. మొదట ఫ్యాన్ చుట్టూ రేకుతో ష్రౌడ్ కట్టించు. ఫ్యాన్‌కీ కోర్‌కీ మధ్య ఖాళీ ఉంటే ఫ్యాన్ చుట్టూ ఉన్న గాలినే తిప్పుతుంది, ష్రౌడ్ ఉంటే కోర్‌లోంచే లాగాలి. చాలా బళ్లకి ఇంతటితో సరిపోతుంది. సరిపోకపోతేనే ఎలక్ట్రిక్ ఫ్యాన్. అది 10 నుంచి 15 ఆంపియర్లు తింటుంది, పాత లూకాస్ డైనమో ఇచ్చేది 22 దాకా, అదీ ఇంజిన్ రేస్‌లో ఉన్నప్పుడు. రాత్రి హెడ్‌లైట్లు వేసి సిగ్నల్లో నిలబడితే బ్యాటరీ ఖాళీ అవుతుంది. కాబట్టి నీ బండికి డైనమోనే ఉంటే ముందు ఆల్టర్నేటర్ పెట్టించి, తర్వాత ఫ్యాన్ పెట్టు. రిలే, ఫ్యూజు, వేడిని బట్టి ఫ్యాన్ ఆన్ చేసే థర్మో స్విచ్ తప్పనిసరి. కోర్‌లోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి ఫ్యాన్ బిగిస్తామంటే ఒప్పుకోకు, ఊగి ఊగి ట్యూబులు కోసేస్తాయి, బ్రాకెట్ చేయించు.

ఇంకొకటి, అంచుదాకా నింపి మర్నాడు నీళ్లు తగ్గాయని టెన్షన్ పడకు. వేడికి నీళ్లు ఉబ్బి ఓవర్‌ఫ్లో పైపులోంచి పోతాయి, ఒక అంగుళం ఖాళీ వదలాలి. కింద పోయే ఆ నీళ్లు తిరిగి రావాలంటే రికవరీ బాటిల్ పెట్టించు, దానికి తగ్గ క్యాప్ కూడా వెయ్యి.

పని అయ్యాక నేరుగా హైదరాబాద్ బయల్దేరకు. ఓ సాయంత్రం గన్నవరం దాకా వెళ్లిరా, మర్నాడు పొద్దున చల్లారాక బాటిల్లో మట్టం చూడు. మారలేదంటే మధ్యాహ్నం ఎండలో ఇంకోసారి తిప్పు, ముల్లు ఎక్కడ నిలబడిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య