సదరం శాతం అక్కడే, ఇక్కడ కావాల్సింది ఒక ఈమెయిల్

కర్నూలు, కడప, అనంతపురం నుంచి పిల్లలతో అమెరికా వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగే మాట ఇది: "మా బిడ్డకు సదరంలో 45 శాతం రాసిచ్చినారు, ఈడ చెల్తుందా?" సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే మన ప్రభుత్వ ధ్రువపత్రం. అది ఇక్కడ చెల్లదు, చెల్లాల్సిన పనీ లేదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఉచిత చదువు, రిజర్వేషన్ లాంటివి కావాలంటే 40 శాతం గీత దాటాలి. ఇక్కడి బడి శాతం అడగదు, ఆ ఇబ్బంది వల్ల బిడ్డ చదువు ఎక్కడ తడబడుతోందో చూస్తుంది. అక్కడ 35 శాతం దగ్గర ఆగిపోయిన బిడ్డకూ ఇక్కడ హక్కు ఉండొచ్చు.

అట్లని కాగితాలు పారేయొద్దు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష), థెరపీ రిపోర్టులు, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) టీచరు రాసిచ్చిన నోట్సు ఉంటే తెలుగువి ఇంగ్లీషులోకి మార్పించి తెచ్చుకోండి. ఇక్కడి బడి తరఫున బిడ్డ ఇబ్బందిని పరీక్షించేవాళ్లకు బిడ్డ గతం తెలిసేది వాటితోనే.

ఇక్కడ మూడు చట్టాలున్నాయి. మొదటిది ఐడియా (IDEA), వైకల్యం ఉన్న పిల్లల చదువు చట్టం. 1975లో వేరే పేరుతో వచ్చింది, 1990లో ఈ పేరు పెట్టారు. 3 నుంచి 21 ఏళ్ల వాళ్లకు, 13 కేటగిరీల్లో ఏదో ఒకదానికి సరిపోయి, ప్రత్యేక బోధన అవసరమైతేనే వర్తిస్తుంది. దీని కింద వచ్చేదే ఐఈపీ, అంటే ఆ ఒక్క బిడ్డ కోసం రాసే చదువు ప్రణాళిక. రెండోది 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504. పాఠం అదే, పద్ధతిలో వెసులుబాటు: పరీక్షకు అదనపు సమయం, ముందు బెంచీ, షుగర్ ఉన్న బిడ్డకు క్లాసులోనే గ్లూకోజ్ చూసుకునే అనుమతి. మూడోది 1990 నాటి ఏడీఏ, అంటే వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష కూడదనే చట్టం. ఫెడరల్ డబ్బు తీసుకోని ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది, మతసంస్థలు నడిపే బడులకు మాత్రం కాదు. ప్రైవేటు బడిలో వేస్తే పబ్లిక్ బడిలో ఉన్నంత ఐఈపీ హక్కు ఉండదు. ఫీజు కట్టే ముందే ఈ సంగతి ఆలోచించుకోండి.

పని మొదలయ్యేది ఈమెయిల్‌తో. టీచరుతో నోటిమాటగా చెప్తే తల ఊపుతారు, అంతే. ప్రిన్సిపాల్‌కు, స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ ఆఫీసుకు కలిపి రాయండి: బిడ్డ పేరు, తరగతి, కనబడుతున్న ఇబ్బందులు మూడు నాలుగు, "ఐడియా, సెక్షన్ 504 రెండింటి కిందా పూర్తి ఇవాల్యుయేషన్ కోరుతున్నాం" అనే వాక్యం (ఇవాల్యుయేషన్ అంటే బిడ్డ ఇబ్బంది ఏమిటో తేల్చే పరీక్ష), తేదీ. బడి కాదంటే కారణాలతో రాతపూర్వకంగానే చెప్పాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ పరీక్ష ముగించాల్సిన గడువు లెక్క ఈమెయిల్ పంపిన రోజు నుంచి కాదు, పరీక్షకు ఒప్పుకునే సమ్మతి పత్రం మీద మీరు సంతకం చేసి ఇచ్చిన రోజు నుంచి. ఫెడరల్ గడువు 60 రోజులు, రాష్ట్రాలు తమ గడువు పెట్టుకోవచ్చు. టెక్సాస్‌లో 45 బడి రోజులు. అర్హత తేలాక 30 రోజుల్లో ఐఈపీ మీటింగ్ జరగాలి. మే నెలలో సంతకం చేసి ఎండాకాలం సెలవులకు ప్రొద్దుటూరు వెళ్లిపోతే, బిడ్డను పరీక్షకు తీసుకురాలేదన్న నెపం మీ మీదికే వస్తుంది.

"ముందు ఇంగ్లీషు రానీండి, తర్వాత చూద్దాం" అని బడి అనొచ్చు. ఇంగ్లీషు రాకపోవడాన్నే వైకల్యంగా లెక్కకట్టకూడదన్నది నిజమే. కానీ ఆ మాట చెప్పి పరీక్షను వాయిదా వేయకూడదు. వీలైనంతవరకు బిడ్డ భాషలోనే పరీక్షించాలి. ఐఈపీ మీటింగ్‌కు తెలుగు దుబాసీని ఉచితంగా అడగండి, వారం ముందే. ఇంజనీరింగ్ చదివిన బామ్మర్దిని కూర్చోబెడితే కోడింగ్ మాటలు వస్తాయి గానీ స్పీచ్ థెరపీ మాటలు రావు.

"మార్కులు బాగానే వస్తున్నాయి కదా" అన్నా తగ్గొద్దు. పై తరగతికి పాసవుతున్నాడన్న ఒక్క కారణంతో ఐడియా కింద కాదనకూడదు. 504 విషయానికొస్తే, 2008 ఏడీఏ సవరణ తర్వాత హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే, మాత్ర వేసుకుంటే బాగుంటాడన్న వాదన అర్హత దగ్గర చెల్లదు. మామూలు కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులకే మినహాయింపు.

పెద్దవాళ్లు చెప్పారని మీటింగ్‌లోనే సంతకం పెట్టడం మనకు అలవాటు. డ్రాఫ్ట్ ఇంటికి తెచ్చుకుని చదవండి. మొదటి ఐఈపీ మీ సమ్మతి లేకుండా మొదలుకాదు. "అవసరాన్ని బట్టి స్పీచ్ థెరపీ" అని ఉంటే ఒప్పుకోవద్దు. "వారానికి 2 సార్లు, 30 నిమిషాలు" అని అంకెలు రాయించండి. బడి చేసిన పరీక్ష సరిగ్గా లేదనిపిస్తే బడి ఖర్చుతో బయటివాళ్ల పరీక్ష అడగొచ్చు. ఇవ్వనంటే తమ పరీక్ష సరైనదేనని బడే విచారణలో నిరూపించుకోవాలి.

వీసా గురించి జంకొద్దు. 1982 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇమిగ్రేషన్ స్థితిని చూపి పబ్లిక్ బడి పిల్లలను చేర్చుకోనని అనలేదు.

ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్తే, కొత్త బడి తన పరీక్ష ముగించేదాకా పాత ఐఈపీతో పోల్చదగ్గ సేవలు ఇవ్వాలి. అందుకే తాజా ఐఈపీ, ఇవాల్యుయేషన్ రిపోర్టు కాపీలు మూవర్స్ పెట్టెల్లో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి.