ఎండు తెగులు కాదు, షీటు తిరగబడింది

ప్రశ్న: ఫిబ్రవరి మొదట్లో మల్చింగ్ షీటు (నేలని కప్పే ప్లాస్టిక్, ఒకవైపు నలుపు, ఒకవైపు వెండి రంగు) వేసి రెండెకరాల్లో పుచ్చ నారు నాటాం. పన్నెండో రోజుకి చాళ్లన్నిట్లో మొక్కలు మొదలు దగ్గర మాడి పడిపోతున్నాయి. ఎండు తెగులని షాపులో చెబితే మందు రెండుసార్లు పోశాం. తగ్గలేదు. ఇంకేం మందు వాడాలి?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఇంకే మందూ వద్దు. మీరు పంపిన ఫోటోలో షీటు నల్ల వైపు పైకి ఉంది, మాడిన మచ్చ సరిగ్గా షీటు కాడకి తగిలేచోటే ఉంది. ఒక మొక్క పీకి కాడ నిలువునా చీల్చండి: లోపల గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులు, తెల్లగా ఉంటే అది కాదు, ఎండ దెబ్బ. మీది రెండోదే అయ్యుంటుంది, ఎందుకంటే తెగులు మామూలుగా చాళ్లన్నిట్లో ఒకేసారి రాదు.

నలుపు వెలుతురుని తాగి వేడిగా మారుస్తుంది, ఆ వేడిగాలి కింద చేరి మొక్క పెట్టిన కన్నంలోంచే బయటికి తంతుంది. వెండి రంగు వెలుతురుని తిప్పికొడుతుంది. నలుపు పైనుంటేనే కలుపు రాదని మీకెవరో చెప్పి ఉంటారు, అది తప్పు, కిందికి వెలుతురు దిగకపోవడమే కలుపుకి మందు, ఏ వైపు వేసినా దిగదు. చలికాలంలో నలుపు పైకి వేస్తే ఫర్వాలేదు గానీ ఇప్పుడు కాదు.

ఈ సాయంత్రమే కన్నాలని 3-4 అంగుళాల వెడల్పుకి పెంచి, కాడ చుట్టూ గుప్పెడు మట్టి పోసి, షీటు తగలకుండా చూడండి. కన్నం చుట్టూ షీటు మీద వరిగడ్డి పరచండి. డ్రిప్ ఒకేసారి కాకుండా పొద్దున, సాయంత్రం రెండు విడతలుగా ఇవ్వండి. పోయిన మొక్కల చోట సాయంత్రం పూటే నాటండి.

మొక్క పీకి చూడకుండా, చేనుకి రాకుండా తెగులు పేరు చెప్పేవాళ్ల మాట మీద రెండుసార్లు డబ్బు నేలలో పోశారు! మూడోది కూడా రాసిచ్చే ఉంటారు, తిరిగిచ్చేయండి.

వచ్చే పంటకి 25 లేదా 30 మైక్రాన్ల మందం షీటు, వెండి వైపు పైకి. దాని మెరుపుకి తామర పురుగు, పేనుబంక, తెల్లదోమ కొంతవరకు దిక్కు తప్పుతాయి, తీగ అల్లుకుని షీటుని కప్పేసేవరకే లెండి, దుమ్ము పట్టినా పని చేయదు.

ఎండు తెగులు భయం అప్పటికీ పోకపోతే, మట్టిలోని తెగులుని ఎండ వేడితో తగ్గించడానికి పంట తీశాక ఏప్రిల్-మేలో దున్ని, తడిపెట్టి, పారదర్శక షీటు కప్పి అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఉంచండి. అక్కడ మాత్రం నల్ల షీటు పనికిరాదు: వెలుతురు షీటు దాటి మట్టిని తాకి అక్కడే వేడిగా మారాలి, షీటు లోపల పట్టే చెమ్మ ఆ వేడిని బయటికి పోనివ్వదు.