చలివేంద్రానికి అక్కరలేని రిజిస్ట్రేషన్ ఐదు సెంట్ల స్థలానికి ఎందుకు?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక గ్రామం. ఎనిమిదేళ్ల క్రితం పద్నాలుగు మంది స్నేహితులం యువజన సంఘంగా ఏర్పడ్డాం. రిజిస్ట్రేషన్ లేదు. వేసవిలో చలివేంద్రం, ఏడాదికి రెండు రక్తదాన శిబిరాలు, శ్రీరామనవమికి అన్నదానం, పదో తరగతి పిల్లలకు రాత్రి బడి నడుపుతున్నాం. ఊళ్లో ఎవరైనా చనిపోతే మా ఫ్రీజర్ బాక్సు ఇస్తాం. చందాలు మా కోశాధికారి సొంత ఖాతాలో పడతాయి. పోయిన సంక్రాంతికి టికెట్లు అమ్మి లక్కీ డ్రా కూడా పెట్టాం. ఇప్పుడు గ్రంథాలయం కోసం ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒకరు ఐదు సెంట్లు ఇస్తానంటున్నారు. అమెరికాలో ఉన్న మా ఊరి అన్నదమ్ములు ఐదు లక్షలు పంపుతామంటున్నారు. తల్లిదండ్రులు పోయిన ఇద్దరు పిల్లలను మా సంఘం గదిలోనే ఉంచి చదివిద్దామని కొందరి మాట. రిజిస్ట్రేషన్ లేకుండా ఇవన్నీ చేయవచ్చా? చేయించాలంటే సొసైటీ మంచిదా, ట్రస్టు మంచిదా?

జవాబు: సంఘంగా ఏర్పడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చిన హక్కు అది. కుండలో నీళ్లు పోసి దాహం తీర్చడానికీ, పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పడానికీ రిజిస్ట్రేషన్ కావాలని ఏ చట్టమూ అనదు. రాత్రి బడి ప్రభుత్వ పాఠశాల గదిలో నడుస్తుంటే ప్రధానోపాధ్యాయుల నుంచి ఒక అనుమతి కాగితం తీసుకోండి, చాలు.

మీరు అడగలేదు గానీ, నాకు ముందుగా భయం వేసింది కోశాధికారి ఖాతా గురించి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఆ ఖాతాలో ఉన్న ప్రతి రూపాయీ బ్యాంకు దృష్టిలో ఆయనదే. రేపు ఆదాయపు పన్ను శాఖ లెక్క అడిగితే జవాబు చెప్పుకోవలసిందీ ఆయనే. ఆయన తీసుకున్న అప్పు బాకీ పడితే బ్యాంకు ఆ సొమ్మును సర్దుకోవచ్చు. ఆయనకు జరగరానిది జరిగితే డబ్బు నామినీ చేతికి వెళ్తుంది. అప్పుడు మీ పద్నాలుగు మందీ ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, అది ఊరి డబ్బమ్మా అని చెప్పుకోవాలి. పన్నెండు రోజులు గడవకముందే అలాంటి మాట ఎత్తవలసి వచ్చిన ఒక సంఘం వాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఇచ్చిన చందాలకు రసీదు పుస్తకం కూడా లేదు. ఇంకోవైపు నుంచి చూస్తే, సభ్యుల్లో ఎవరికైనా కోపం వచ్చి సంఘం సొమ్ము తినేశాడని ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత 316 సెక్షన్ కింద నమ్మకద్రోహం కేసు ఎదుర్కోవలసిందీ ఆయనే. దానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. ఊరికి మేలు చేసిన మనిషిని ఈ స్థితిలో ఉంచకండి. రిజిస్ట్రేషన్ లేని సంఘానికి కూడా తీర్మానం, పాన్ కార్డు, లావాదేవీలు జరిపేవారికి ఇచ్చిన అధికార పత్రం చూపితే ఖాతా తెరవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. కొన్ని శాఖల్లో మేనేజర్లు సొసైటీ సర్టిఫికెట్ లేనిదే కుదరదంటారు. ఎటూ సొసైటీ చేయించమనే చెప్పబోతున్నాను కాబట్టి వారితో వాదన పెట్టుకోకండి.

ఎందుకు చేయించాలంటే, ఐదు సెంట్ల కోసం. రిజిస్టరు కాని సంఘానికి చట్టం దృష్టిలో ఉనికి లేదు, ఉన్నది పద్నాలుగు మంది మనుషులే. ఆ పేరు మీద స్థలం రాయించుకోవడం కుదరదు. మీలో ఒకరి పేరున రాయిస్తే అది వారి సొంత ఆస్తి అవుతుంది, వారి పిల్లలకు వారసత్వంగా వెళ్తుంది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైతే సంఘం తన పేరుతోనే ఆస్తి కలిగి ఉండవచ్చు, దావా వేయవచ్చు. సభ్యులు మారినా, పోయినా సంఘం ఉంటుంది. ఆ చట్టానికి ముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి కేంద్ర చట్టం, తెలంగాణలో ఫసలీ శకం లెక్కలో 1350 నాటి నిజాం కాలపు చట్టం నడిచేవి. 2001 చట్టం రెండింటి స్థానంలోనూ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది కాబట్టి అక్కడి పాఠకులకూ ఈ మాటలు వర్తిస్తాయి.

ట్రస్టు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఒక కుటుంబం తన ఆస్తిలో కొంత ధర్మానికి విడిచిపెట్టి, ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల చేతిలో ఉంచాలనుకుంటే ట్రస్టు సరిపోతుంది. అందులో ఎన్నికలు ఉండవు, ట్రస్టీలదే మాట. పైగా మన రాష్ట్రంలో ప్రజల కోసం పెట్టిన ధర్మసంస్థలకు 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వర్తిస్తుందన్న సంగతి చాలామంది ట్రస్టీలకు నోటీసు వచ్చాక గానీ తెలియదు. మీది సమానుల గుంపు, ఏటేటా బాధ్యతలు మారే గుంపు. సొసైటీకి ఏడుగురు చాలు, మీరు దానికి రెట్టింపు ఉన్నారు. గొడవలు వస్తే 2001 సొసైటీల చట్టంలోని 23 సెక్షన్ ప్రకారం ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. ఎనిమిదేళ్లు తగవు లేకుండా గడిచినందుకు అభినందనలు. భవనం లేచాక కూడా అలాగే ఉంటారని మాత్రం నేను పందెం కాయను.

దరఖాస్తు జిల్లా రిజిస్ట్రారుకు. దాంతో రెండు పత్రాలు జతచేయాలి. సంఘం పేరు, చిరునామా, ఆశయాలు చెప్పేది ఒకటి, నియమావళి మరొకటి. దయచేసి పక్క ఊరి సంఘం నియమావళిని తెచ్చి పేరు మార్చి అతికించకండి. క్షీర సహకార సంఘం నియమాలతో నడుస్తున్న భజన మండలిని చూశాను నేను. మీరు చేసే పనులన్నీ ఆశయాల్లో ఉండాలి. రక్తదానం, విద్య, గ్రంథాలయం, తాగునీరు, అన్నదానం, అంత్యక్రియలకు సాయం, విపత్తు సాయం, అన్నీ రాయండి. రాయని పనికి డబ్బు ఖర్చు పెడితే రేపు ఏ సభ్యుడైనా ప్రశ్నించవచ్చు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలని, సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకుండా అలాంటి ఆశయాలున్న మరో సంస్థకే చెందాలని తప్పక చేర్చండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగాక కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. మొదటి ఏడాది ఉత్సాహంగా పంపి, తర్వాత అందరూ మరిచిపోయే పని ఇదే. పదేళ్ల తర్వాత రెండు వర్గాలు చెరో అధ్యక్షుణ్ణి నిలబెట్టినప్పుడు కోర్టు మొదట అడిగే కాగితమూ ఇదే.

రిజిస్ట్రేషన్‌తోనే పన్ను మినహాయింపు వచ్చేస్తుందనే భ్రమ ఒకటి ఊళ్లలో ఉంది. అది వేరే శాఖ, వేరే దరఖాస్తు. 12ఏ సెక్షన్ కింద మినహాయింపు సంఘం ఆదాయానికి, 80జీ సెక్షన్ కింద మినహాయింపు దాతలకు. ఇవి 1961 చట్టంలోని సంఖ్యలు. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సంఖ్యలు మారాయి గానీ ఆడిటర్లు ఇప్పటికీ పాత పేర్లే వాడుతున్నారు. 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు దాతకు మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే రాదు. మీ ఊరి ఉపాధ్యాయులు చాలామంది అందులోకి మారి ఉంటే 80జీ కోసం ఇప్పుడే పరుగెత్తనక్కరలేదు.

ఇక అమెరికా డబ్బు. ఆ అన్నదమ్ములను మీరు అడగవలసింది ఒక్కటే, చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉందని. భారత పాస్‌పోర్టుతోనే అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. వారి పాస్‌పోర్టు నకలు తీసుకుని దస్త్రంలో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారైతే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, మీ బడిలోనే చదువుకున్నా, ఏటా సంక్రాంతికి వచ్చి ముగ్గు పక్కన ఫొటో దిగినా 2010 నాటి విదేశీ విరాళాల చట్టానికి ఆయన విదేశీయుడే. ఆ చట్టం కింద నమోదు లేకుండా గానీ, ముందస్తు అనుమతి లేకుండా గానీ ఆయన నుంచి సంఘం కోసం ఒక్క డాలరు తీసుకున్నా నేరం. శిక్ష ఐదేళ్ల జైలు దాకా ఉంది. ఇక్కడున్న బావమరిది ఖాతాలో వేయించి, ఆయన చేత చందాగా ఇప్పిద్దాం అని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. వినకండి. గ్రంథాలయానికి కంప్యూటర్లు కొని పంపినా అదే చట్టం.

విదేశీ విరాళాల చట్టం కింద నమోదు కావాలంటే సంఘానికి మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షలైనా ఖర్చు పెట్టి ఉండాలి. కొత్తగా రిజిస్టరయ్యే మీకు ఆ దారి ఇప్పుడు మూసి ఉన్నట్టే. మిగిలింది ముందస్తు అనుమతి. ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని కేంద్ర హోం శాఖకు దరఖాస్తు చేయాలి. అనుమతి వచ్చినా డబ్బు దిగవలసింది ఢిల్లీలో సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే. ఐదు లక్షలకు అంత శ్రమ అవసరమా అంటే నా మటుకు అక్కరలేదు. అన్నదమ్ముల్లో ఒకరికైనా భారత పౌరసత్వం ఉంటే ఆయన సొంత డబ్బు ఎంత ఇస్తే అంతే తీసుకోండి. తమ్ముడి డబ్బు అన్న పేరు మీద పంపితే మళ్లీ మొదటికే వస్తుంది.

పిల్లల సంగతికి నా జవాబు ఒక్క మాట: వద్దు. మీ మనసు మంచిదే. కానీ సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ఏ సంస్థ అయినా 2015 నాటి బాల న్యాయ చట్టం 41 సెక్షన్ కింద నమోదు కావాలి. కాకపోతే ఏడాది దాకా జైలు గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. రాత్రిపూట ఆ గదిలో పిల్లలకు ఏం జరిగినా చెప్పుకోవలసింది మీరే. అమ్మమ్మో మేనమామో ఉంటే పిల్లలు వారి ఇంట్లోనే ఉండి చదువుకునేలా ఫీజు, పుస్తకాలు, బియ్యం ఖర్చు మీరు భరించండి. ఎవరూ లేకపోతే బాలల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. జిల్లా బాలల సంక్షేమ కమిటీ చూసుకుంటుంది.

మిగతా పనుల్లో చిన్న చిన్న మెలికలు ఉన్నాయి. రక్తదాన శిబిరంలో మీ పని స్థలం, మనుషులు, పండ్లరసం వరకే. సూది పట్టేది లైసెన్సు ఉన్న రక్తకేంద్రం సిబ్బంది. 18 నుంచి 65 ఏళ్ల లోపువారే దాతలు, మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు వ్యవధి ఉండాలి. శిబిరాల సంఖ్య పెంచాలనే ఉత్సాహంలో ఈ లెక్క మరవకండి. రక్తానికి డబ్బు ఇవ్వడం 1998 జనవరి 1 నుంచి నిషిద్ధం. సర్టిఫికెట్టు, టీషర్టు వరకు పరవాలేదు.

అన్నదానం గురించి చెబితే మీకు వింతగా ఉంటుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం మతపరమైన, సామాజిక సమావేశాల్లో భోజనం పంచేవారిని కూడా చిన్న వ్యాపారుల వరసలోనే చేర్చి, నమోదు చేసుకోమంటుంది. ఏడాదికి 100 రూపాయల రుసుము. శ్రీరామనవమి పందిట్లో పులిహోర పెట్టేవారిని ఆ కాగితం అడిగిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. వాంతులు, విరేచనాలతో నలుగురు ఆసుపత్రిలో చేరిన రోజు మాత్రం అడుగుతారు.

ఫ్రీజర్ బాక్సు సహజ మరణాలకే ఇవ్వండి. ఆత్మహత్య, ప్రమాదం, అనుమానాస్పద మరణం అయితే పోలీసులు వచ్చి పంచనామా పూర్తిచేసే వరకు శవాన్ని కదపకూడదు. బంధువులు ఏడుస్తూ అడుగుతారు, కాదనడం కష్టమే. అయినా స్టేషనుకు చెప్పారా అని అడిగాకే తాళం తీయండి. బాక్సుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఏటా చూపించండి. కరెంటు షాకు కొట్టి ఎవరైనా పోతే, సంఘం రిజిస్టరు కాని ఈ రోజున మీ పద్నాలుగు మంది మీదా పరిహారం దావా వేయవచ్చు.

లక్కీ డ్రా మళ్లీ పెట్టకండి. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297 సెక్షన్ కింద నేరం. వచ్చిన లాభం బడికే ఇచ్చామన్నా నేరం నేరమే. జరిగిందేదో జరిగింది, లెక్కలు మాత్రం దాచి ఉంచండి.

పెద్దావిడ స్థలం విషయంలో తొందర అవసరం. దానం చెల్లాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఆమె బతికి ఉండగానే మీరు స్వీకరించాలి. నోటిమాట, తెల్లకాగితం, గ్రామ పెద్దల ముందు చేయి చూపి ఇచ్చానని చెప్పడం, ఏదీ నిలవదు. ముందుగా ఆ భూమి ఆమెకు ఎలా వచ్చిందో కాగితాలు చూడండి. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద దస్తావేజు రాసి ఇచ్చినదైతే అది పూర్తిగా ఆమెదే, 1956 హిందూ వారసత్వ చట్టం ఆమెను సంపూర్ణ యజమానిగానే చూస్తుంది. భర్త వీలునామా రాయకుండా పోతే సంక్రమించినదైతే కొడుకులకూ కూతుళ్లకూ అందులో వాటాలుంటాయి, వారందరూ సంతకం పెట్టాలి. స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ, భూమి సాగులో ఎవరిదో చూపే అడంగల్ తీయించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన డీ పట్టా భూమి ఏమో చూడండి.

దస్తావేజులో “చివరిదాకా ఆమెను సంఘం చూసుకుంటుంది” అని ప్రేమ కొద్దీ రాయకండి. అలా రాసి, నాలుగేళ్ల తర్వాత మీ కార్యవర్గం మారి ఎవరూ ఆ గుమ్మం తొక్కకపోతే, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23 సెక్షన్ కింద ఆమె ట్రిబ్యునల్‌కు వెళ్లి దానాన్నే రద్దు చేయించవచ్చు. కుటుంబ సభ్యులకిచ్చే దానం కన్నా స్టాంపు సుంకం ఎక్కువ పడుతుంది, దానికి చందా ఇప్పటినుంచే పోగు చేయండి. దస్తావేజు రోజున ఆమె మతి స్థిమితంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. ఆమె పిల్లలకు ఈ సంగతి ముందే, ఆమె నోటి ద్వారానే తెలియనివ్వండి. ఏడుగురి సంతకాలతో జిల్లా రిజిస్ట్రారు కార్యాలయానికి మీరు వెళ్లవలసింది ఈ వారంలోనే. సర్టిఫికెట్ చేతికి రాగానే ఆ స్థలాన్ని స్వీకరిస్తూ, దస్తావేజు మీద సంతకం చేసే అధికారం అధ్యక్షుడికి ఇస్తూ మినిట్స్ పుస్తకంలో మొదటి తీర్మానం రాయండి.