బ్రేక్ పైపు మార్చామని బిల్లిచ్చారు, తీరా చూస్తే అతుకు!

ప్రశ్న: మా కారుకు పదిహేడేళ్లు. వెనక చక్రం దగ్గర బ్రేక్ పైపు తుప్పు పట్టిందంటే షెడ్డులో ఇచ్చాను. ‘బ్రేక్ లైన్, ఫిట్టింగులు మార్చడమైనది’ అని బిల్లిచ్చారు. రెండు నెలల తర్వాత పెడల్ మెత్తగా, లోతుకు పోతున్నట్టు అనిపించింది. బ్రేక్ ఆయిల్ తగ్గిందని పోసి మరో రెండు రోజులు తిరిగాను. మూడో రోజు పెడల్ నేలకంటింది, ఆగి ఉన్న బైకును గుద్దాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వేరే మెకానిక్ కిందికి దూరి చూసి, ‘పైపు మార్చలేదండీ, తుప్పు పట్టినంత మేర కోసి మధ్యలో ముక్క అతికారు, ఆ జాయింట్ దగ్గరే కారింది’ అన్నాడు. మొదటి షెడ్డు వాళ్లేమో ‘పాత బండ్లకు గ్యారంటీ లేదని బిల్లు మీదే రాసుంది’ అంటున్నారు. వాళ్ల మీద కేసు నిలుస్తుందా? ఈలోగా కొత్త పైపులు వేయించుకోవచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదాని బతుకు దాని మీదే ఆధారపడి ఉంది. ఇప్పుడే వేయించకండి. ఆ పాత పైపు, ఆ జాయింటు, ఆ నట్లు మీ కేసుకు ప్రాణం. వాటిని విప్పి తుక్కులో పారేసిన మర్నాడు మీ దగ్గర మిగిలేది ఒక మెకానిక్ మాట, దానికి ఎదురుగా ఇంకో మెకానిక్ మాట.

బండిని కదపకుండా ఉంచి, మొదటి షెడ్డుకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ‘మీరు చేసిన పని ఇలా ఉంది, ఫలానా తేదీన విప్పిస్తున్నాను, వచ్చి చూసుకోండి’ అని వారం రోజుల గడువిస్తే చాలు. వాళ్లు రాకపోయినా నష్టం లేదు. ‘మా వెనక విప్పి ఏవేవో మార్చారు’ అనే వాదనకు అప్పుడే తలుపు మూసేసినట్టు. విప్పే ముందు బండి కిందనుంచి ఫొటోలు, వీడియో తీయించండి. జాయింటును విప్పకుండా, దానికి రెండు వైపులా కొంత పైపు ఉండేలా కోయించి సంచిలో పెట్టి సీలు వేయండి. ఫోన్‌లోని ఫొటోలను వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. అందుకని ఆ ఫోన్ అమ్మేయకండి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అతుకు వేయడమే తప్పు అని వాదిస్తే ఓడిపోవచ్చు. పాడైన భాగం కోసి కొత్త ముక్క వేయడం, రెండు కొసలనూ సరైన కొలతలో ఫ్లేర్ చేసి (అంచును గరాటులా వెడల్పు చేసి), బ్రేకులకని తయారుచేసిన యూనియన్ అనే కలుపుడు భాగంతో కలపడం పద్ధతి ప్రకారం చేసే పనే. తేడా జాయింటు రకంలో ఉంటుంది. పైపు చుట్టూ చిన్న రింగు బిగించి పట్టించే కంప్రెషన్ జాయింట్లు తక్కువ ఒత్తిడి ఉండే పైపులకు సరిపోతాయి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు లైనులో చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటే ఒత్తిడి పుడుతుంది, అక్కడ వాటికి చోటు లేదు. ఫ్లేర్లలోనూ రెండు రకాలున్నాయి, ఒకదాని గూట్లో ఇంకోటి కూర్చోదు. మర గాడుల కొలత దగ్గరదగ్గరగా ఉన్న వేరే నట్టు కూడా రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత మరలు చెడి కారుతుంది. మీ రెండో మెకానిక్ ఇందులో ఏది చూశాడో అదే రాయాలి. ‘పని బాగాలేదు’ అన్న ఒక్క వాక్యం కమిషన్‌కు అక్కరకు రాదు. అది అఫిడవిట్ రూపంలో ఉండాలి.

ఇక కేసు సంగతి. చాలామంది ఫిర్యాదును ప్రమాదంతో మొదలుపెడతారు. మీరు బిల్లుతో మొదలుపెట్టండి. ‘మార్చడమైనది’ అని రాసి, డబ్బు తీసుకుని, మార్చలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సేవాలోపం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే, 2(11)లో, నిర్లక్ష్యంతో పాటు తెలియజేయాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఉంది. ‘మొత్తం మార్చడం లేదు, ముక్క వేస్తున్నాం’ అని మీకు చెప్పి ఉంటే వేరే మాట. ప్రమాదం జరగకపోయినా ఈ తప్పు తప్పే. అందుకే దాన్ని పునాదిగా వేసుకోమంటున్నాను.

గ్యారంటీ లేదన్న ముద్ర చూసి బెదరకండి. పాత బండిలో ఇంకో భాగం రేపు పోతే బాధ్యత లేదనడానికి అది పనికొస్తుందేమో. తాను చేయని పనికి చేశానని బిల్లు వేసుకోవడానికి కాదు. (ఆ బిల్లు తీసుకోవడం మీరు చేసిన మంచి పని. చీటీ ముక్క లేకుండా వచ్చేవాళ్లే మా దగ్గరికి ఎక్కువ. పని చేసి బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.)

ఇప్పుడు మీకు నచ్చని మాట. పెడల్ మెత్తబడ్డాక రెండు రోజులు తిరిగానన్నారు. అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా దీన్నే. బ్రేక్ ఆయిల్ ఉన్నట్టుండి తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం, పోసినంత మాత్రాన కారడం ఆగదు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్, తెలిసిన లోపంతోనే కాదు, మామూలు జాగ్రత్తతో కనిపెట్టగల లోపంతో బండి నడిపినా శిక్షిస్తుంది. దానివల్ల ప్రమాదం జరిగి ఆస్తి నష్టమైతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘బ్రేకు ఫెయిలైంది, నా తప్పేముంది’ అన్న మాట కూడా అంత తేలిగ్గా చెల్లదు. లోపం బయటికి కనబడనిదనీ, తగిన జాగ్రత్త తీసుకున్నా తెలిసేది కాదనీ బండి యజమానే చూపాలని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. మీ విషయంలో పెడల్ ముందే హెచ్చరించింది.

అలాగని దాచకండి. షెడ్డు వాళ్లకు మీరు ఫోన్ చేసి చెప్పి ఉన్నా, వాట్సాప్‌లో ఒక్క మాట రాసి ఉన్నా అది బయటపెట్టండి. ఏదీ లేకపోతే ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. పరిహారం కొంత తగ్గుతుందేమో కానీ, దాచి దొరికిపోతే మిగతా మాటలకూ విలువ పోతుంది. వాళ్లు ఇంకోటి కూడా అడగవచ్చు: కార్లలో బ్రేకుకు రెండు సర్క్యూట్లు (వేర్వేరు ఆయిల్ లైన్లు) ఉంటాయి, ఒకటి కారినా రెండోది కొంతైనా ఆపాలి కదా అని. కాబట్టి రెండో సర్క్యూట్, పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ ఏ స్థితిలో ఉన్నాయో కూడా మీ మెకానిక్ చేత ఇప్పుడే రాయించుకోండి.

మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, షెడ్డు ఎక్కడున్నా ఫర్వాలేదు. రెండేళ్ల గడువుంది. మీరు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపే కనుక ఫీజు ఉండదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. బిల్లు సొమ్ము, పైపులు సరిగా వేయించిన ఖర్చు, ముందు భాగం మరమ్మతు, కొంత పరిహారం, కేసు ఖర్చులు అడగండి. కారు ఖరీదు మొత్తం అడిగితే మిగతా కోరికలు కూడా పలచబడతాయి.

బైకు యజమాని విషయం వేరు. అతను షెడ్డు దగ్గరికి వెళ్లడు, మీ దగ్గరికే వస్తాడు. మీ బీమా కంపెనీకి ఇవాళే రాతపూర్వకంగా తెలపండి. వాళ్ల అనుమతి లేకుండా ‘తప్పు నాదే, ఇంత ఇస్తాను’ అని కాగితం రాసివ్వకండి, పాలసీ షరతులు దాన్ని ఒప్పుకోవు. పైపు ఖర్చు బీమా ఇవ్వదు, అరుగుదల, యాంత్రిక లోపం అందులోంచి మినహాయింపే. ఢీకొన్నందువల్ల మీ కారుకు జరిగిన నష్టానికి సొంత నష్టం కవర్ ఉంటే క్లెయిమ్ వేయండి. కమిషన్‌లో అదే మొత్తాన్ని మళ్లీ అడగకూడదు సుమా.